పిల్లల శ్వాస ట్యూబ్ సైజు: ఫార్ములా, అల్ట్రాసౌండ్, 3డి ప్రింట్‌లో దేన్ని నమ్మాలి?

నాలుగేళ్ల పాపకు ఆపరేషన్ అనుకుందాం. మత్తు ఇచ్చాక శ్వాసనాళంలోకి ట్యూబ్ వేయాలి. వయసును నాలుగుతో భాగించి నాలుగు కలపమనే పాత లెక్క ప్రకారం కఫ్ (ట్యూబ్ కింది కొస దగ్గర చుట్టూ ఉండే, గాలితో ఉబ్బే పలచని సంచి) లేని 5.0 ట్యూబ్ కావాలి. కఫ్ ఉన్నదే వేద్దామంటే ఒక ఫార్ములా 4.5 అంటుంది, మరొకటి 4.0 అంటుంది. మూడూ పుస్తకాల్లో ఉన్న ఫార్ములాలే. అందుకే అనుకున్న సైజుతో పాటు అర సైజు (అంటే అర మిల్లీమీటరు) చిన్నది, అర సైజు పెద్దది కూడా ట్రాలీ మీద సిద్ధంగా పెట్టుకోవడం అందరికీ అలవాటైపోయింది. అంటే మన లెక్క తప్పొచ్చని ముందే ఒప్పుకుని పనిలోకి దిగుతున్నామన్నమాట.

ఈ వరసలోకి ఈమధ్య 3డి ప్రింటింగ్ కూడా వచ్చి చేరింది. పిల్లవాడి సీటీ స్కాన్ నుంచి శ్వాసనాళం నమూనాను అచ్చంగా అదే కొలతల్లో ప్రింట్ చేసి, ఆపరేషన్‌కి ముందే ట్యూబులు అందులో దూర్చి చూసుకోవచ్చు. వినడానికి ఇంతకన్నా మంచి పద్ధతి ఉండదనిపిస్తుంది. కొందరు పిల్లల విషయంలో అది నిజమే. చాలామంది విషయంలో మాత్రం అనవసరం. ఆ కొందరు ఎవరో, మిగతావాళ్ళకు ఏది సరిపోతుందో చూద్దాం. ఎనస్థీషియా నేర్చుకుంటున్నవాళ్ళనీ, థియేటర్ టెక్నీషియన్లనీ, ఆసుపత్రిలో ప్రింటర్ చూసుకునేవాళ్ళనీ దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. తల్లిదండ్రులు చదువుతుంటే వాళ్ళకు పనికొచ్చేది చివర్లో ఉంది.

సైజు తప్పితే ఏమవుతుంది

పెద్దవాళ్ళ గొంతులో అర మిల్లీమీటరు తేడా ఎవరికీ పట్టదు. పసిపిల్లల్లో అలా కాదు. దారి 4 మిల్లీమీటర్లే ఉన్నచోట ట్యూబ్ ఒరిపిడికి చుట్టూ 1 మిల్లీమీటరు వాపొస్తే మిగిలేది 2 మిల్లీమీటర్లు. గాలి వెళ్ళే జాగా నాలుగో వంతుకు పడిపోతుంది. గాలి నెమ్మదిగా, సాఫీగా పారుతోందనుకున్నా దానికి ఎదురయ్యే అడ్డు పదహారు రెట్లవుతుంది. ట్యూబ్ తీసేశాక బిడ్డ ఊపిరి పీల్చినప్పుడల్లా కీచుమని చప్పుడు రావడం, డొక్కలు లోపలికి లాక్కుపోవడం ఈ వాపు వల్లే. బిగుతుగా ఉన్న ట్యూబ్ రోజుల తరబడి ఉండిపోతే లోపలి పొర పుండై, మానేటప్పుడు మచ్చ కట్టి, దారి శాశ్వతంగా ఇరుకైపోవచ్చు.

పోనీ భయపడి చిన్నది వేద్దామంటే దానికీ బాధలున్నాయి. 4.0 బదులు 3.5 వేస్తే, అదే లెక్కన, ట్యూబ్‌లో గాలికి అడ్డు దాదాపు 1.7 రెట్లవుతుంది. కఫ్ లేని ట్యూబ్ అయితే చుట్టూ గాలి లీకై వెంటిలేటర్ పంపిన దాంట్లో ఎంత ఊపిరితిత్తులకు చేరిందో తెలియదు. కఫం అడ్డుపడుతుంది, దాన్ని తీసే సక్షన్ గొట్టమూ సన్నదే వాడాలి. లీక్ మరీ ఎక్కువైతే ట్యూబ్ తీసి మళ్ళీ వేయాలి. లేత గొంతులో రెండోసారి, మూడోసారి ట్యూబ్ వేయడమే ఒక గాయం.

నంబర్ లోపలిది, తగిలేది బయటిది

పద్ధతులను పోల్చే ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. అసలు చిక్కు సగం ఇక్కడే ఉందని నా అభిప్రాయం. ట్యూబ్ మీద పెద్ద అక్షరాల్లో ఉండే 4.0, 4.5 అనే నంబర్ లోపలి వ్యాసం. గాలి లెక్కలకు అది కావాలి. కానీ బిడ్డ గొంతుకు తగిలేది ట్యూబ్ బయటి గోడ. 4.0 అని రాసి ఉన్న ట్యూబ్ బయటి వ్యాసం 5 మిల్లీమీటర్లు దాటుతుంది. ఎంత దాటుతుందన్నది కంపెనీని బట్టి, ట్యూబ్ రకాన్ని బట్టి మారుతుంది. లోపల తీగ చుట్టిన, మెలిపడని రకం అయితే గోడ ఇంకా మందం. కఫ్ ఉన్నదైతే గాలి తీసేసినా ఆ పొర మడతలు పడి అక్కడ కాస్త లావుగా ఉంటుంది. ట్యూబ్ చేతిలోకి తీసుకుని చూడండి, లోపలి వ్యాసం పక్కనే చిన్న అక్షరాల్లో బయటి వ్యాసం కూడా అచ్చు వేసి ఉంటుంది. దాన్ని చదివే అలవాటు చాలామందికి లేదు.

ఫార్ములాలన్నీ లోపలి నంబర్నే చెబుతాయి. అల్ట్రాసౌండ్, సీటీ గొంతు కొలతనిస్తాయి కాబట్టి వాటిని బయటి వ్యాసంతోనే పోల్చాలి. ప్రింట్ చేసిన నమూనా ఈ గొడవే లేకుండా చేస్తుంది. రేపు వాడబోయే అదే కంపెనీ ట్యూబ్‌ని అందులో దూర్చి చూస్తాం. నంబర్ ఏదన్నా కానీ, పడుతుందా పట్టదా అన్నది కళ్ళముందే తేలిపోతుంది. 3డి ప్రింటింగ్‌కి ఉన్న అసలు బలం ఇదే.

గొంతు ఆకారం మాట కూడా చెప్పాలి. పిల్లల శ్వాసనాళంలో స్వరతంత్రుల కింద ఉండే క్రికాయిడ్ వలయమే ట్యూబ్‌కి గట్టిగా అడ్డుపడే చోటు. చుట్టూ పూర్తి వలయంగా ఉన్న మృదులాస్థి కాబట్టి అది సాగదు. దాన్ని గుండ్రని రంధ్రంగా చాలాకాలం ఊహించుకున్నారు. ఎంఆర్ఐతోనూ, బ్రాంకోస్కోపుతోనూ (శ్వాసనాళంలోకి దింపి చూసే కెమెరా గొట్టం) కొలిచి చూశాక తెలిసిందేమంటే, చాలామంది పిల్లల్లో అది అండాకారంలో, ముందువెనకల కన్నా పక్కల ఇరుకుగా ఉంటుంది. గుండ్రటి ట్యూబ్ అండాకారపు దారిలో పడితే పక్కల ఒరుసుకుంటూనే ముందూ వెనకా గాలి వదులుతుంది. అంటే లీక్ ఉంది కదా, బిగుతు లేదులే అనుకోవడానికి వీల్లేదు.

ఫార్ములా, టేపు, చిటికెన వేలు

చిటికెన వేలి సంగతి ముందు చెప్పేస్తాను. బిడ్డ చిటికెన వేలు ఎంత లావుందో చూసి ట్యూబ్ ఎంచడం పాత పద్ధతి. నమ్మదగ్గది కాదు. చేతిలో ఇంకేమీ లేనప్పుడు తప్ప దాని జోలికి పోవద్దు.

వయసు ఫార్ములా బలం అది తలలో ఉండిపోవడమే. రాత్రి రెండు గంటలకు ఎమర్జెన్సీ వచ్చినా కాగితం, యంత్రం అక్కర్లేదు. కఫ్ లేనిదానికి వయసు బై నాలుగు, ప్లస్ నాలుగు. కఫ్ ఉన్నదానికి ప్లస్ మూడున్నర లేదా ప్లస్ మూడు. రెండేళ్ల లోపు పిల్లలకు ఈ లెక్క సరిగా కుదరదు. అప్పుడే పుట్టిన బిడ్డకైతే బరువే ఆధారం, కిలో లోపు 2.5, కిలో నుంచి రెండు కిలోల దాకా 3.0, ఆపైన 3.5, ఇవన్నీ కఫ్ లేనివి. ఫార్ములా బలహీనత కూడా వయసులోనే ఉంది. ఒకే వయసున్న ఇద్దరు పిల్లల గొంతులు ఒకలా ఉండాలని ఎక్కడా లేదు. నెలలు నిండకుండా పుట్టి వారాల తరబడి వెంటిలేటర్ మీద ఉన్నవాడి వయసు నాలుగైనా, ఆ నాలుగు వాడి గొంతు గురించి ఏమీ చెప్పదు. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో దారి సహజంగానే ఇరుకు. వాళ్ళకు ఫార్ములా చెప్పినదానికన్నా అర సైజు నుంచి ఒక సైజు దాకా తగ్గించి మొదలుపెట్టడం మంచిది.

పొడవును బట్టి సైజు చెప్పే రంగుల టేపు వయసు కన్నా కొంత మేలు. బిడ్డను పడుకోబెట్టి తల నుంచి మడమ దాకా టేపు పరిస్తే, మడమ ఏ రంగు దగ్గర ఆగిందో అక్కడ ట్యూబ్ సైజు, మందుల డోసు రాసి ఉంటాయి. వయసు చెప్పేవాళ్ళే లేని ఎమర్జెన్సీలో దీనికి పోటీ లేదు. గొంతులో ఏదైనా లోపముంటే మాత్రం ఇదీ ఫార్ములాలాగే గుడ్డిది.

ఇక్కడ కఫ్ ఉన్న ట్యూబుల గురించి చెప్పకపోతే పోలిక కుంటుపడుతుంది. ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు కఫ్ వద్దన్నది ఒకప్పటి నియమం. కొత్త రకం పలచని కఫ్‌లు వచ్చాక పరిస్థితి మారింది. 2009లో వెలువడిన ఒక పెద్ద యూరప్ అధ్యయనంలో అయిదేళ్ల లోపు పిల్లలు 2246 మందిని చూశారు. కఫ్ లేని ట్యూబ్ వేసినవాళ్ళలో 30.8 శాతం మందికి సైజు సరిపోక మార్చాల్సి వచ్చింది. కఫ్ ఉన్నవాళ్ళలో అది 2.1 శాతమే. ట్యూబ్ తీశాక కీచు శబ్దం వచ్చినవాళ్ళు రెండు వర్గాల్లోనూ దాదాపు సమానం, 4.4, 4.7 శాతం. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ కూడా 2020 మార్గదర్శకాల్లో శిశువులకూ పిల్లలకూ కఫ్ ఉన్న ట్యూబే ఎంచుకోవడం సబబే అంది. ఆరోగ్యంగా ఉన్న బిడ్డ విషయంలో సైజు సమస్యను ఎక్కువగా తీర్చింది ప్రింటర్ కాదు, ఈ కఫ్. కాస్త చిన్న ట్యూబ్ వేసి, మిగిలిన ఖాళీని కఫ్‌తో మెల్లగా మూస్తే చాలు. అయితే కఫ్ ఒత్తిడిని చేత్తో నొక్కి అంచనా వేయకుండా మీటర్‌తో చూడాలి, 20 సెంటీమీటర్ల నీటి ఒత్తిడి దాటకుండా చూసుకోవాలి. మీటర్ లేదంటే కఫ్ వల్ల వచ్చే లాభం సగం పోయినట్టే.

అల్ట్రాసౌండ్

మెడ మీద ప్రోబ్ అడ్డంగా పెట్టి, క్రికాయిడ్ దగ్గర గాలి స్తంభం పక్కల వెడల్పు ఎంతో కొలుస్తారు. రేడియేషన్ లేదు, చేయి తిరిగినవాళ్ళకు నిమిషం పని. పైన చెప్పుకున్నట్టు ఆ వలయం పక్కలే ఇరుకు కాబట్టి మనకు కావాల్సిన కొలతే దొరుకుతుంది. 2010లో జపాన్ డాక్టర్లు ప్రచురించిన అధ్యయనంలో ఈ పద్ధతితో వేసిన అంచనా, చివరికి బిడ్డకు సరిపడ్డ ట్యూబ్, 95 శాతానికి పైగా సందర్భాల్లో ఒకటే అయ్యాయి. వయసు ఫార్ములా దానికి దరిదాపుల్లోకి కూడా రాలేదు.

లోపాలు లేవని కాదు. గాలి వెనక ఏముందో అల్ట్రాసౌండ్‌కి కనిపించదు, అందుకని ముందువెనకల కొలత తెలియదు. ఛాతీ లోపలి శ్వాసనాళం అసలే కనిపించదు, ఇరుకు అక్కడుంటే మోసపోతాం. మెడ పొట్టిగా, లావుగా ఉన్న పసివాళ్ళలో ప్రోబ్ ఆన్చడమే కష్టం. చేయి తిరగని వాళ్ళ కొలత ఒక్కో మిల్లీమీటరు అటూ ఇటూ పోతుంది, ఈ పనిలో ఒక మిల్లీమీటరంటే ఒకటికి రెండు అర సైజులు. అయినా మామూలు బిడ్డకు ఫార్ములా కన్నా మెరుగైనది ఏదైనా కావాలంటే నేను ముందు చెప్పేది అల్ట్రాసౌండే. ప్రింటర్ కొనాలా, మంచి ప్రోబ్ కొనాలా అని ఏ విభాగమైనా అడిగితే ప్రోబ్ కొనమంటాను.

3డి నమూనా ఎలా తయారవుతుంది, ఎక్కడ తప్పుతుంది

పని ఇలా సాగుతుంది. సీటీ స్కాన్ ఫైళ్ళను సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించి, గాలి ఉన్న భాగాన్ని దాని సాంద్రతను బట్టి వేరు చేస్తారు. 3డి స్లైసర్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తోనూ ఇది చేయొచ్చు. అలా వేరు చేసిన గాలి ఆకారానికి బయటివైపు గోడ కడితే బోలు గొట్టం వస్తుంది. దాన్ని ప్రింటర్ ఫైలుగా మార్చి రెసిన్‌తోనో (కాంతి తగిలితే గట్టిపడే ద్రవం) ప్లాస్టిక్ ఫిలమెంట్‌తోనో (కరిగించి పొరలుగా పేర్చే తీగ) ప్రింట్ చేస్తారు. తర్వాత ట్యూబ్‌కి జెల్ రాసి ఒక్కో సైజూ దూర్చి చూడటమే. పుట్టుకతో గుండె జబ్బున్న పిల్లలకు ఆపరేషన్ ముందు ఎలాగూ సీటీ తీస్తారు కాబట్టి దక్షిణ కొరియాలో కొందరు డాక్టర్లు అలాంటి పిల్లల మీదే ఈ పద్ధతిని పరీక్షించారు. ఆ ఎంపిక నాకు నచ్చింది. ట్యూబ్ సైజు కోసమే బిడ్డకు సీటీ తీయకూడదు. అదివరకే ఉన్న స్కాన్‌ని వాడుకోవాలి. ఇందులో రాజీకి తావు లేదు.

స్కాన్ ఉంది కదా అని సంబరపడేముందు మూడు సంగతులు చూసుకోండి. ఛాతీ సీటీ చాలాసార్లు ఊపిరితిత్తుల పై అంచు దగ్గర మొదలవుతుంది. పసిపిల్లల్లో క్రికాయిడ్ మెడలో ఇంకా పైనుంటుంది. అంటే మనకు అన్నిటికన్నా అవసరమైన చోటే స్కాన్‌లో ఉండకపోవచ్చు. ఇది ప్రింట్ అయ్యాక తెలుసుకునేవాళ్ళున్నారు. రెండోది, స్కాన్ తీసేటప్పటికే బిడ్డ గొంతులో ట్యూబ్ ఉంటే ఆ భాగంలో మనకు కనిపించేది ట్యూబ్ ఆకారమే, గొంతుది కాదు. మూడోది స్కాన్ తేదీ. ఏడాది లోపు బిడ్డకు ఆరు నెలల కిందటి స్కాన్ అంటే వేరే బిడ్డ స్కాన్ లాంటిదే.

వీటన్నిటికన్నా మోసపుచ్చేది కొలతల్లో జారిపోయే తప్పు. ఒక లెక్క చూడండి. 200 మిల్లీమీటర్ల వెడల్పును 512 చుక్కలుగా చూపించే స్కాన్‌లో ఒక్కో చుక్క దాదాపు 0.4 మిల్లీమీటర్లు. గాలికీ గోడకూ మధ్య సరిహద్దు ఎక్కడ గీయాలన్నది సాఫ్ట్‌వేర్‌లో మనం పెట్టే సాంద్రత అంకెను బట్టి ఉంటుంది. ఆ అంకె కాస్త మారి రెండు వైపులా ఒక్కో చుక్క జరిగితే వ్యాసం 0.8 మిల్లీమీటర్లు మారిపోతుంది. ట్యూబుల మధ్య తేడా లోపలి వ్యాసంలో అర మిల్లీమీటరు. అంటే ఎవరూ గమనించని ఒక్క సెట్టింగ్ వల్ల అర సైజు పైనే తేడా వచ్చేస్తుంది. స్లైసు (సీటీ తీసే ఒక్కో అడ్డపొర) మందం ఒక మిల్లీమీటరు కన్నా ఎక్కువుంటే అసలు మొదలుపెట్టొద్దు. రేడియాలజీ వాళ్ళను అడిగేటప్పుడు సన్నని స్లైసులే కావాలని ప్రత్యేకంగా చెప్పండి. కంప్యూటర్‌లో మందం స్లైసులు మాత్రమే ఉంచి, సన్నవి కొన్నాళ్ళకు తీసేసే చోట్లున్నాయి. చూడటానికి ముచ్చటగా ఉంటుందని నమూనా ఉపరితలాన్ని నున్నగా చేసే బటన్ నొక్కకండి. అది ఇరుకు భాగాన్ని మార్చేస్తుంది.

ప్రింటర్ దగ్గర కూడా చిన్న చిన్న జాగ్రత్తలున్నాయి. ఫిలమెంట్ ప్రింటర్లలో రంధ్రాలు అనుకున్నదానికన్నా కాస్త చిన్నవిగా రావడం మామూలే. రెసిన్ ప్రింటర్ సన్నటి వివరాలను బాగా తీస్తుంది కానీ, గొట్టం లోపల గట్టిపడని రెసిన్ మిగిలిపోతే అక్కడే ఇంకో పొర కట్టేస్తుంది. ఆల్కహాల్‌తో లోపలిదాకా కడగాలి, వెలుతురుకు ఎదురుగా పెట్టి ఆ చివర నుంచి ఈ చివర దాకా చూడాలి. గొట్టం లోపల సపోర్ట్ పుల్లలు రాకుండా నిలువుగా ప్రింట్ చేయాలి. ఇంకా ముఖ్యమైనది, ప్రతి నమూనాతో పాటు అదే ప్లేట్ మీద 4, 5, 6 మిల్లీమీటర్ల రంధ్రాలున్న చిన్న పలక ఒకటి ప్రింట్ చేసి, ఆ రంధ్రాలను కాలిపర్‌తోనో తెలిసిన వ్యాసమున్న కడ్డీతోనో కొలవండి. పలకలో 5 మిల్లీమీటర్ల రంధ్రం 4.8 వచ్చిందంటే గొంతు నమూనాలోనూ అంతే తగ్గిందన్నమాట. పలక లేని నమూనాను ఎవరైనా తెచ్చి చూపిస్తే దాన్ని బట్టి నేను సైజు ఎంచను.

గట్టి పదార్థమా, సాగేదా అన్నది ఇంకో ప్రశ్న. సాగే రెసిన్ చేతికి నిజమైన గొంతులా అనిపిస్తుంది, చూపించడానికి బాగుంటుంది. సైజు ఎంపికకు మాత్రం గట్టిదే నయం. సాగేది ఎంత సాగుతుందో, బిడ్డ గొంతు ఎంత సాగుతుందో, ఆ రెంటికీ సంబంధం లేదు. సాగే నమూనాలో కాస్త నెడితే పెద్ద ట్యూబ్ కూడా దూరిపోయి తప్పుడు ధైర్యమిస్తుంది. గట్టి నమూనాలో ట్యూబ్ ఎక్కడైనా ఆగితే వేలికి తెలుస్తుంది. క్రికాయిడ్ దగ్గర మొన ఒక్క క్షణం తట్టుకుని, కొద్దిగా తిప్పితేనే ముందుకు పోయిందంటే ఆ సైజును పక్కన పెట్టి అర సైజు చిన్నది తీసుకోండి. బిగుతుగా సరిపోయింది అన్నది ఇక్కడ మెప్పు కాదు. ఏ ఇబ్బందీ లేకుండా జారిపోయేవాటిలో పెద్దదే మన ట్యూబ్.

స్కాన్ తీసిన క్షణంలో బిడ్డ ఊపిరి పీల్చాడా వదిలాడా అన్నదాన్ని బట్టి ఛాతీలోని శ్వాసనాళం వెడల్పు మారుతుంది. గోడ మెత్తబడిన జబ్బున్న పిల్లల్లో ఈ తేడా మరీ ఎక్కువ. క్రికాయిడ్ గట్టి వలయం కాబట్టి అక్కడి కొలత ఇంతగా కదలదు. అందుకని నమూనాలో పై భాగాన్ని ఎక్కువ నమ్మాలి, కింది భాగాన్ని అనుమానంతో చూడాలి. ఆపరేషన్ రోజు జలుబో దగ్గో ఉంటే వాపు నమూనాలో ఉండదు, గొంతులో ఉంటుంది. నమూనాను బిడ్డ దగ్గరికి తీసుకెళ్ళనక్కర్లేదు. అది బల్ల మీద చూసుకోవడానికే, మామూలు రెసిన్ శరీరంలోకి పోదగ్గది కాదు.

ప్రింట్ చేయకుండా తెర మీదే కొలిస్తే చాలదా?

చాలాసార్లు చాలు. ఈ ప్రశ్న అడిగితే ప్రింటర్ వాళ్ళకు కోపమొస్తుంది కానీ అడగాల్సిందే. సీటీ ఉన్నప్పుడు రేడియాలజిస్టు క్రికాయిడ్ దగ్గర పక్కల కొలత, ముందువెనకల కొలత చెప్పగలరు. ఇరుకు ఒకే చోట, ముక్కుసూటిగా ఉంటే ఆ చిన్న కొలతను ట్యూబ్ బయటి వ్యాసంతో పోల్చుకుంటే పనైపోతుంది. ప్రింట్ చేస్తే పూటో రోజో ఆలస్యం, ఆ పైన ప్రింటర్ తెచ్చే తప్పులు.

ప్రింట్ అవసరమయ్యేది ఆకారం చిక్కుగా ఉన్నప్పుడు. శ్వాసనాళపు మృదులాస్థి వలయాలకు మామూలుగా వెనక ఉండే ఖాళీ లేకుండా, పూర్తి వలయాలతో పుట్టి, పొడుగునా ఇరుకైపోయిన పిల్లలున్నారు. ఊపిరితిత్తుల ధమని దారి తప్పి శ్వాసనాళాన్ని చుట్టుకునే లోపం ఉన్నచోట ఇది తరచుగా తోడుంటుంది. ఇలాంటి గొంతులో ట్యూబ్ ఎంత లావుండాలన్నదే కాదు, ఎంత లోతుకు దింపి ఆపాలి, ఏ వంపు దగ్గర మొన గోడకు ఆనుతుంది అన్నవి కూడా కావాలి. తెర మీది అంకెలు వీటిని చెప్పవు. కుడి పై ఊపిరితిత్తి గొట్టం శ్వాసనాళం నుంచే విడిగా బయల్దేరే పిల్లల్లో, ట్యూబ్ సరిగ్గానే ఉన్నా ఆ నోరు మూసుకుపోయి ఊపిరితిత్తి పై భాగం ముడుచుకుపోతుంది. నమూనా మీద ట్యూబ్ పక్కన పెట్టి, పెదవి దగ్గర ట్యూబ్ మీది ఏ సెంటీమీటరు గీత రావాలో ముందే గుర్తు పెట్టుకోవచ్చు. ట్రాకియాస్టమీ (ఊపిరి కోసం మెడ ముందు శ్వాసనాళానికి పెట్టిన రంధ్రం) ఉన్న పిల్లలకు వంపు, పొడవు సరిపడే ట్యూబ్ తయారు చేయించాలన్నా నమూనా చాలా ఉపయోగం. ఒక్క ఊపిరితిత్తికే గాలి పంపాల్సిన ఆపరేషన్లలో రెండో ఊపిరితిత్తి దారిని మూసే బ్లాకర్ ఏది పడుతుందో చూసుకోవడానికీ అంతే.

ఇంతకీ ఎవరికి ఏది

పుట్టినప్పటి నుంచీ ఆరోగ్యంగా ఉండి, హెర్నియాకో టాన్సిల్స్‌కో వచ్చిన బిడ్డకు కఫ్ ఉన్న ట్యూబ్, ఫార్ములా, కఫ్ మీటర్, పక్కన అర సైజు చిన్నదొకటి. ఇంతే. అల్ట్రాసౌండ్ చేతనైతే చూసుకోండి, చేయి అలవాటవుతుంది.

ఎమర్జెన్సీ అయితే టేపు, లేదా తలలో ఉన్న ఫార్ములా. ప్రింటర్ మాటే ఎత్తొద్దు. స్కాన్ విడదీయడానికీ, ప్రింట్ కావడానికీ, కడిగి గట్టిపరచడానికీ కలిపి గంటలు పడుతుంది.

నెలలు నిండకుండా పుట్టి ఎక్కువకాలం వెంటిలేటర్ మీద ఉన్నవాళ్ళు, డౌన్ సిండ్రోమ్ పిల్లలు, ఊపిరి తీసుకుంటే కీచు శబ్దం వచ్చేవాళ్ళు, వీళ్ళకు ముందు అల్ట్రాసౌండ్. అనుమానం బలపడితే బ్రాంకోస్కోపుతో ఈఎన్‌టీ డాక్టర్ కళ్ళతో చూడటమే ఉత్తమం. వాపు, మచ్చ, కండ ఏదైనా రంగుతో సహా కనిపిస్తుంది. అది ఏ ప్రింటూ చూపించలేదు.

పుట్టుకతో శ్వాసనాళమో గుండెలోని పెద్ద రక్తనాళాలో వంకరగా ఉండి, మంచి సీటీ ఇదివరకే ఉండి, ఆపరేషన్‌కి కొన్ని రోజుల వ్యవధి ఉంటే అప్పుడు 3డి నమూనా చేయించండి. అప్పుడు అది ఆడంబరం కాదు. ఆ నమూనాను సర్జన్ కూడా చేతిలోకి తీసుకుని చూస్తాడు, తల్లిదండ్రులకు జబ్బేమిటో వివరించడానికీ పనికొస్తుంది.

ఏ పద్ధతిలో ఎంచినా ట్యూబ్ వేశాక లీక్ పరీక్ష తప్పదు. గొంతు మీద స్టెతస్కోప్ పెట్టి ఒత్తిడిని మెల్లగా పెంచుతూ పోతే, కఫ్ లేని ట్యూబ్ చుట్టూ గాలి బయటికి వచ్చే సన్నటి బుస వినిపిస్తుంది. అది 20 నుంచి 25 సెంటీమీటర్ల నీటి ఒత్తిడి మధ్య మొదలైతే బాగున్నట్టు. 30 దాటినా చప్పుడు లేకపోతే, నమూనాలో ఎంత బాగా పడినా సరే, అర సైజు తగ్గించాలి. కఫ్ ఉన్నదైతే కఫ్‌లో గాలి లేనప్పుడు లీక్ ఉండాలి. లేదంటే ట్యూబే లావన్నమాట.

తల్లిదండ్రులకు చెప్పాల్సింది కొంచెమే. బిడ్డ పుట్టాక ఎన్నాళ్ళు వెంటిలేటర్ మీద ఉన్నదీ, ట్యూబ్ తీశాక గొంతు చప్పుడు చేసిందా లేదా, ఇంతకుముందు ఆపరేషన్ జరిగితే ఏ సైజు ట్యూబ్ వేశారు, ఇవి డాక్టరు అడగకముందే చెప్పండి. పాత డిశ్చార్జి కాగితాల్లో ట్యూబ్ సైజు రాసి ఉంటే ఫొటో తీసి ఫోన్‌లో ఉంచుకోండి. ఆరు నెలల కిందట ఈ గొంతులోనే 4.0 పడి, కొద్దిగా లీకైందన్న ఒక్క వాక్యం ఏ ఫార్ములా కన్నా విలువైనది. అందుకే ట్యూబ్ వేసిన డాక్టర్లకూ ఒక మాట. కాగితం మీద సైజు ఒక్కటే రాసి వదిలేయకండి. కంపెనీ, బయటి వ్యాసం, కఫ్ ఉందా లేదా, లీక్ ఏ ఒత్తిడి దగ్గర వచ్చింది, పెదవి దగ్గర ఎన్ని సెంటీమీటర్లు, నమూనా వాడితే అది ఏ తేదీ స్కాన్‌ది, ఇవన్నీ రాయండి.